నారింజ చుక్క

రాయదుర్గం మెట్రో స్టేషను దాటాక ఎడమ చేతికి వచ్చే ఆ పదిహేడంతస్తుల గాజు భవనంలో ఏ అంతస్తులో ఏ కంపెనీ ఉందో ఈరమ్మకు వరుసగా తెలుసు; లోపల వాళ్లు చేసే పనేమిటో మాత్రం తెలియదు. తెలియవలసిన అవసరమూ ఆమెకు లేదు. ఎవరిని చూడటానికి ఎవరు వచ్చినా మొదట ఆమె బల్ల ముందు నిలబడాలి, ఆమె చూపించిన చిన్న కెమెరాలోకి చూడాలి, ఫొటోతో అచ్చయి వచ్చిన పాసును మెడలో వేసుకోవాలి. ఆ తర్వాతే లిఫ్టు. అదే భవనంలో ఎనిమిదేళ్లు ఆడవాళ్ల తనిఖీ గదిలో, పచ్చ తెర వెనుక నిలబడి, వచ్చేవాళ్ల సంచులు తడిమి పంపిన మనిషికి ఈ కుర్చీ దక్కడం చిన్న విషయం కాదు. వాళ్ల సెక్యూరిటీ ఏజెన్సీ తరఫున విజిటర్ డెస్కు మీద కూర్చున్న మొదటి ఆడ గార్డు ఆమె.

ఆమె కూర్చున్న పద్దెనిమిదో రోజున కంప్యూటరు పడిపోవడం మొదలైంది.

చక్కగా నడుస్తున్న తెర, ఎవరో ఒకరి ఫొటో తీసే క్షణాన, ఉన్నట్టుండి నీలంగా మారిపోయేది. దాని మీద నాలుగు వరుసల తెల్లని ఇంగ్లీషు అక్షరాలు, వాటి కింద సున్నా నుంచి వందకు మెల్లగా ఎక్కే ఒక అంకె. వంద చేరాక యంత్రం తనంతట తానే ఆగి, తనంతట తానే మొదలయ్యేది. అన్నీ కలిపి ఏడు నిమిషాలు. ఉదయం తొమ్మిదిన్నరకు, ఆఫీసు బస్సులూ బైక్ ట్యాక్సీలూ ఒక్కసారిగా మనుషులను దించే వేళ, ఏడు నిమిషాలంటే ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లలు, ఏసీ బాగుచేసేవాళ్లు, ఆడిటర్లు, కొరియర్ మనుషులు అందరూ కలిసి వరుస కట్టి గాజు తలుపు దాటి మెట్ల మీదికి పోయేంత సేపు. ఆ ఏడు నిమిషాలూ ఈరమ్మ పాత పద్ధతిలో రిజిస్టరు తెరిచి, పేరూ ఫోను నంబరూ సమయమూ చేత్తో రాసుకుని మనుషులను లోపలికి పంపేది. పదో తరగతి వరకు జనగామ దగ్గర చదివిన చదువు ఆమెది. అక్షరం గుండ్రంగా, గడి దాటకుండా ఉండేది.

ఫోను చేస్తే పన్నెండో అంతస్తు నుంచి రామాంజనేయులు దిగి వచ్చేవాడు. భవనంలోని కంప్యూటర్లన్నిటికీ వైద్యం అతనిదే. అమలాపురం వైపు మనిషి; ముప్పై దాటలేదు; పని చేస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉండేవాడు.

“ఏమీ లేదండి ఈరమ్మ గారూ. ఈ కెమెరాకి కొత్త డ్రైవర్ ఒకటి వచ్చి పడిందండి. అది బాగోలేదు. తీసేసి పాతది పెట్టాను. అయిపోయిందండి.”

“డ్రైవర్ అంటే ఏంది సారు?” అని మొదటిసారి ఆమె అడిగింది.

“మొన్న బీహార్ నుంచి పెయింటింగ్ వాళ్లు వచ్చారు కదండి. వాళ్ల హిందీ మీ సూపర్‌వైజర్‌కి అర్థం కాక, ఆయన మాట వాళ్లకి అర్థం కాక, మధ్యలో మీరు నిలబడి అటూ ఇటూ చెప్పారు చూశారా? కెమెరాకీ కంప్యూటర్‌కీ మధ్య అలా నిలబడి చెప్పే ప్రోగ్రామ్ అండి. కొత్తగా వచ్చినవాడు తప్పు తప్పుగా చెబుతున్నాడు. కంప్యూటర్ బెదిరిపోయి పడిపోతోంది.”

ఆ మాట ఆమెకు బాగా అర్థమైంది. అతను చెప్పిన వైద్యం కూడా ఆ రోజుకు నిలిచింది. మధ్యాహ్నం రెండు గంటలకు ఆమె దిగిపోయి, మహేందర్ అనే కుర్ర గార్డు కూర్చున్నాక రాత్రి పది దాకా తెర ఒక్కసారి కూడా నీలం కాలేదు. మర్నాడు ఉదయం మళ్లీ అయింది. మళ్లీ రామాంజనేయులు దిగి వచ్చాడు. ఒక రోజు తప్పించి ఒక రోజు, ఒక్కోసారి వరుసగా రెండు రోజులు, ఇదే తంతు. ఎప్పుడు జరిగినా ఉదయమే. ఎప్పుడు జరిగినా ఈరమ్మ డ్యూటీలోనే.

ఒక ఫలితం కనబడినప్పుడు దాని పక్కన ఎవరు నిలబడి ఉంటే వాళ్లనే కారణంగా ఎంచడం మనుషులకు సులువు. సెక్యూరిటీ సూపర్‌వైజర్ రాజేందర్‌కు అది మరీ సులువైంది.

“అక్కా, మహేందర్ కూసుంటే మంచిగనే ఉంటది. నువ్వు కూసుంటేనే ఎందుకు పడ్తది? నువ్వే ఏదో నొక్కుతున్నవ్.”

“ఏం నొక్కుత సార్? మీరు నేర్పిన మూడు బటన్లే.”

“నాలుగోది గూడ నొక్కుతున్నట్టున్నవ్, నీకే ఎరుక లేకుంట.”

మంగళవారం ఆమెకు వారపు సెలవు. ఆ రోజు ఉదయం డ్యూటీ మహేందర్ చేశాడు. డెబ్బై మూడు మంది విజిటర్లు వచ్చారు. తెర ఒక్కసారి నీలం కాలేదు. బుధవారం ఈరమ్మ కూర్చున్న రెండు గంటలకే పడిపోయింది. రాజేందర్‌కు ఇక సాక్ష్యం అక్కర్లేకపోయింది. రామాంజనేయులు వచ్చి తన పని చేసి వెళ్లాక, అతను బల్ల దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“చూడక్కా, నాకు నీ మీద కోపం లేదు. రేపు గాదు, వచ్చే వారం గురువారం తొమ్మిదో అంతస్తు కంపెనీల కొత్త పిల్లలు చేర్తున్నరు. నూట అరవై మంది. వాళ్లకు ఇంక కార్డులుండయ్, అందరికీ పాసులే. ఫెసిలిటీ మేనేజర్ ఉమాశ్రీ మేడం నన్ను పిలిచి గట్టిగ చెప్పింది. ఆ దినం గూడ మిషన్ పడ్డదనుకో, శుక్రవారం సంది నీ డ్యూటీ జీడిమెట్ల. మందుల ఫ్యాక్టరీ గేటు. లేడీస్ చెకింగ్.”

“జీడిమెట్లనా? లింగంపల్లి నుంచి రెండు బస్సులు మారాలె సార్.”

“ఇంకేం జెయ్యాలె మరి? ఆడోళ్లకు కంప్యూటర్ ఇస్తే గిట్లనే అయితదని మా ఆఫీసుల అప్పుడే అన్నరు. నేనే బలిమికి నిన్ను కూసోబెట్టిన. ఇప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలె?”

రెండు బస్సుల సంగతి ఈరమ్మ బస్సెక్కిన పావుగంటకే మరిచిపోయింది. మరిచిపోలేనిది రెండో మాట. తనిఖీ గదిలో ఇంకా ఆరుగురు ఆడవాళ్లు ఉన్నారు. ఆ పచ్చ తెర పక్కకు జరిపి డెస్కు వైపు చూసినప్పుడల్లా వాళ్ల చూపులో ఏముండేదో ఆమెకు తెలుసు. ఎనిమిదేళ్లు తానూ అలాగే చూసింది. తాను లేచి వెళ్లిపోతే ఆ కుర్చీ తన ఒక్కదానికే కాదు, ఆ ఆరుగురికీ పోతుంది. ఎవరూ కాగితం మీద రాయరు. అయినా ఇక మీదట అదే నియమం అవుతుంది.

ఆ సాయంత్రం ఆమె బియ్యం ఏరుతూ, ఏరుతూ, తనను తాను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. నేను చేసేది, మహేందర్ చేయనిది ఏమిటి?

ఇద్దరూ అవే మూడు బటన్లు నొక్కుతారు. అదే కుర్చీ, అదే కెమెరా. అతను టీ తాగుతూ పని చేస్తాడు, తాను తాగదు. దాని వల్ల పడవలసింది అతని చేతిలోని యంత్రమే. చివరికి మిగిలింది ఒకటే. ఉదయం ఆరు గంటలకు వచ్చీ రాగానే తాను కంప్యూటరును ఆపుతుంది. తడిగుడ్డతో తెర, మీటల పలక, బల్ల తుడుస్తుంది. ఆరేదాకా ఆగి, మళ్లీ పెడుతుంది. నిన్నటి మురికి తుడవకుండా పొయ్యి వెలిగించే అలవాటు ఆమె పుట్టింట్లోనూ లేదు, మెట్టింట్లోనూ లేదు. పైగా ఇక్కడికి రాకముందు ఒక ఆఫీసు ప్యాంట్రీలో పని చేస్తున్నప్పుడు, కరెంటు నడుస్తున్న కాఫీ యంత్రాన్ని తడిగుడ్డతో తుడిచి తోటి మనిషి కింద పడిపోవడం ఆమె కళ్లారా చూసింది. కనుక ముందు ఆపడం, తర్వాత తుడవడం. మహేందర్ ఆపడు, తుడవడు. రాత్రంతా వెలుగుతున్న యంత్రం ముందు వచ్చి కూర్చుంటాడు, అంతే.

ఇంకొకటి కూడా గుర్తుకొచ్చింది. ఆపడానికి మూలన ఉన్న గుర్తు నొక్కినప్పుడు కొన్ని ఉదయాలు ఆ గుర్తు పక్కన ఆవగింజంత నారింజ రంగు చుక్క ఉండేది. కొన్ని ఉదయాలు ఉండేది కాదు. చుక్క ఉన్న రోజున ఆపమనే వరుసలు రెండుకు బదులు నాలుగు కనిపించేవి. ఆమె పైన ఉన్నదాన్ని నొక్కేది. చుక్క ఉన్న రోజుల్లో ఆగడానికీ మళ్లీ మొదలవడానికీ ఎక్కువ సేపు పట్టేదని కూడా ఇప్పుడు తోచింది.

మర్నాడు, గురువారం ఉదయం, ఈరమ్మ కంప్యూటరును ఆపలేదు. పొడిగుడ్డతో బల్ల ఒక్కటి తుడిచి కూర్చుంది. యంత్రం పడిపోలేదు. శుక్రవారమూ ఆపలేదు. పడిపోలేదు. శనివారమూ అంతే.

రాజేందర్ ముఖం విప్పారింది. “చూసినవా అక్కా! జర జాగ్రత్తగ నొక్కితే ఏం కాదు. గురువారం దాక గిట్లనే నడిపియ్యి. జీడిమెట్ల ఫికర్ పెట్టుకోకు.”

నిజానికి కథ ఇక్కడ ముగించుకోవచ్చు. ఆమె నోరు మూసుకుని, ఆ యంత్రాన్ని ఎన్నడూ ఆపకుండా ఉంటే కుర్చీ ఆమెదే. ఆ మాట ఆమెకు తట్టకపోలేదు. శనివారమంతా మనసులో తిరిగింది కూడా. కాని ఎంత ఆలోచించినా ఒక దగ్గర లెక్క కుదరలేదు. ఆపి పెట్టడం ఏ యంత్రానికైనా తప్పు ఎలా అవుతుంది? ఫ్యాను ఆపుతాం, మిక్సీ ఆపుతాం. మళ్లీ పెడితే తిరుగుతాయి. ఆపినందుకు పడిపోతోందంటే, ఆపడం అనే అదను కోసం దాని లోపల ఏదో కాచుకుని ఉందన్నమాట. తాను ఆపకపోయినా జనరేటర్ మారినప్పుడో, ఎవరి కాలో తగిలి వైరు ఊడినప్పుడో అది ఆగకుండా ఉండదు. అప్పుడు పడుతుంది. అప్పుడు కుర్చీలో ఎవరు ఉంటే తప్పు వాళ్లదవుతుంది. అంతకంటే ముఖ్యం, తాను ముట్టకపోతేనే బాగుంటుందనే పేరుతో ఆ కుర్చీలో కూర్చోవడం ఆమెకు ఇష్టం లేదు.

సోమవారం పదకొండు గంటలకు, రద్దీ తగ్గాక, ఆమె పన్నెండో అంతస్తుకు ఫోను చేసింది.

“మళ్లీ పడిందాండి?” అన్నాడు రామాంజనేయులు దిగులుగా.

“పడలేదు సారు. ఎందుకు పడ్తదో తెలిసినట్టుంది. జర కిందికి రాండ్రి.”

అతను వచ్చేసరికి రిజిస్టరు తెరిచి ఉంచింది. కంప్యూటరు పడిపోయినప్పుడే చేత్తో రాసేది గనక, చేత్తో రాసిన పుట ఉన్న ప్రతి తేదీ పడిపోయిన తేదీయే. పదకొండు తేదీలు. పక్కన ఒక కాగితం మీద తనకు గుర్తున్నంత మేరకు చుక్క కనబడిన రోజులు రాసింది.

“మీరు బాగు చేసి పోతరు. అది బాగుంటది. నేను పొద్దున ఆపి పెడ్త. మళ్ల చెడిపోతది. ఆపని దినం చెడిపోదు. అంటే, మీరు తీసేసిన దాన్ని ఎవరో మళ్ల తెచ్చి పెడ్తున్నరు సారు. నేను ఆపుడు కోసమే చూస్తున్నరు.”

రామాంజనేయులు రిజిస్టరును తన ముందుకు లాక్కున్నాడు. అతను కూర్చుని, ఏవో గడులు తెరిచి, ఒక పొడుగాటి జాబితా దగ్గర ఆగాడు. చెడ్డ డ్రైవర్ ఎప్పుడెప్పుడు కంప్యూటరులోకి ఎక్కిందో యంత్రం తానే రాసుకున్న జాబితా అది. రిజిస్టరు మీద ఒక వేలు, తెర మీద ఒక వేలు పెట్టి ఒక్కొక్కటే సరిచూశాడు. ఆరూ ఏడు నిమిషాలు. ఆరూ పదకొండు నిమిషాలు. ఆరూ తొమ్మిది నిమిషాలు. పదకొండు తేదీలూ కలిశాయి.

“అమ్మ బాబోయ్,” అన్నాడు మెల్లగా. “నేను పాతది పెట్టి వెళ్లిపోతున్నాను. ఇది వెనకాల మళ్లీ కొత్తదాన్ని దింపుకుని, ఎప్పుడు ఆపి పెడతారా అని కూర్చుంటోందండి. ఆ చుక్క అర్థం అదేనండి. మహేందర్ ఆపడు కాబట్టి అతని దగ్గర అది ఎక్కే దారి లేదు.”

“మరి పదకొండు సార్లు వచ్చిన్రు గదా సారు. మీకు కనబడలేదా?”

అతను తల గోక్కున్నాడు. “మా దగ్గర ప్రతి ఫిర్యాదుకీ ఒక నంబరు ఉంటుందండి. నాలుగు గంటల్లో ‘పరిష్కరించాం’ అని మూసెయ్యాలి. మూసేశాక దాని ముఖం ఎవరూ చూడరు. మర్నాడు వచ్చేది ఇంకో నంబరు. పదకొండు సార్లు బాగు చెయ్యలేదని ఎవరికీ తెలీదండి. పదకొండు సార్లు బాగు చేశానని నాకు మంచి పేరొచ్చింది.”

ఈరమ్మకు నవ్వొచ్చింది. “నాకు పదకొండు సార్లు చెడ్డ పేరొచ్చింది సారు. ఇద్దరిదీ ఒకటే మిషన్.”

ఆ నవ్వు తర్వాత అతను చేసిన పని శ్రద్ధగా చేశాడు. ఇంతకు ముందు చెడ్డ డ్రైవర్‌ను పక్కకు తప్పించేవాడే గాని, యంత్రం లోపలి గోదాములోంచి దాని మూటను పారేసేవాడు కాదు; పారేయమనే గడిలో టిక్కు పెట్టడానికి భయపడేవాడు. ఈసారి టిక్కు పెట్టి, మూటనే తీసేశాడు. ఆపి పెట్టించాడు. ఈరమ్మ తన ఫొటో, అతని ఫొటో, నీళ్ల డబ్బాలు తెచ్చినతని ఫొటో పదేసి సార్లు తీసింది. తెర చెదరలేదు.

“అయిపోయిందండి. ఫిర్యాదు మూసేస్తున్నాను,” అంటూ అతను ఫోను తీశాడు.

“మూయకుండ్రి సారు.”

“ఏమండి?”

“ఇయ్యాల బాగుండుడు పదకొండు సార్లు చూసినం. రేపు పొద్దున చూసి మూయుండ్రి.”

మర్నాడు మంగళవారం, ఆమె సెలవు రోజు. అయినా ఆరింటికల్లా లింగంపల్లిలో షేర్ ఆటో ఎక్కి వచ్చేసింది. యూనిఫాం లేకుండా చీరలో వచ్చిన ఆమెను చూసి మహేందర్ తడబడ్డాడు.

“ఏందక్కా, సెలవు దినం గూడ నిద్ర పడ్తలేదా?”

“నువ్వు కూసో. దేన్నీ నొక్కకు. ఆ మూలకున్న గుర్తు ఒక్కసారి తెరువు.”

మహేందర్ తెరిచాడు. గుర్తు పక్కన చుక్క ఉంది.

గోదాములోంచి తీసేసినా వచ్చిందంటే అది లోపలి నుంచి రావడం లేదు. బయటి నుంచి వస్తోంది. ఎనిమిదిన్నరకు వచ్చిన రామాంజనేయులు అదే మాట చెప్పాడు. “రెండు తలుపులున్నాయండి. నిన్న నేను పెరటి తలుపు మూశాను. ఇది నెట్ మీద వీధి తలుపు నుంచి వస్తోంది. ఇలాంటి కెమెరా కనబడితే చాలు, కొత్త డ్రైవర్ ఉంది తీసుకో అని పంపేస్తున్నారు. కావాలా వద్దా అని అడగరండి.”

“వీధి తలుపు మూయరాదా?”

“మూయొచ్చు. కాని ఆ తాళం నా చేతిలో లేదండి. పైవాళ్ల అనుమతి కావాలి. పూణేలో కూర్చుంటారు.”

అతను అక్కడే నిలబడి ఫోను చేశాడు. అవతలి గొంతు ఈరమ్మకు కూడా వినబడింది: ఆ డెస్కు మీద వచ్చిన ఫిర్యాదులన్నీ పరిష్కారమైనట్టే రికార్డులో ఉంది, పెండింగ్ ఏదీ లేదు, లేని సమస్యకు అనుమతి ఎందుకు? రామాంజనేయులు ఫోను పెట్టేసి, నోట్లో నోట్లో ఏదో అనుకుని, కుర్చీలో కూలబడ్డాడు. తాను మూసిన పదకొండు ఫిర్యాదులూ ఇప్పుడు తన ముఖానే తలుపుల్లా మూతపడి ఉన్నాయి.

“రిజిస్టర్ పంపియ్యుండ్రి సారు,” అంది ఈరమ్మ.

“చేత్తో రాసింది వాళ్లు చూస్తారాండి?”

“నేను రాసింది ఒక పక్క, మిషన్ రాసింది ఒక పక్క పెట్టి పంపియ్యుండ్రి. నేను అబద్ధం రాసిన్నంటరు గావొచ్చు. మిషన్ గూడ నాతోని కలిసి అబద్ధం రాస్తదా?”

అతను పదకొండు పుటలకూ ఫొటోలు తీశాడు. ఒక్కో పుట పక్కన యంత్రం జాబితాలోని అదే తేదీని అతికించాడు. కింద ఒకే వాక్యం రాశాడు: ఇవి పదకొండు సమస్యలు కావు, పదకొండు సార్లు మూసిన ఒకే సమస్య. బుధవారం పన్నెండు గంటలకు అనుమతి వచ్చింది.

ఆ రోజు ఈరమ్మ డ్యూటీ రెండింటికి అయిపోయినా కదలలేదు. రామాంజనేయులు ఒక్కొక్క మెట్టూ పైకి చెబుతూ చేశాడు. చెప్పకుండా చేస్తే ఆమె ఊరుకోదని అతనికి అర్థమైంది. ముందుగా దిగి కాచుకుని ఉన్న చెడ్డదాన్ని పారేశాడు. తర్వాత పాత, మంచి డ్రైవర్‌ను దాని చోట కూర్చోబెట్టాడు. ఆ తర్వాతే వీధి తలుపు మూశాడు: అప్‌డేట్లతో పాటు డ్రైవర్లు తేకూడదని ఒక నియమం, ఈ కెమెరా గుర్తుతో ఏదొచ్చినా లోపలికి ఎక్కనివ్వకూడదని ఇంకొక నియమం.

“తలుపు ముందు మూసుంటే ఏమయ్యేది?” అని ఆమె అడిగింది.

“మంచిది కూడా బయటే ఉండిపోయేదండి. కెమెరాకి మాట సాయం చేసేవాడే ఉండడు.”

ఆమె తల ఊపింది. మూడు సార్లు ఆపి పెట్టారు. మూడు సార్లూ చుక్క లేదు. మూడు సార్లూ ఫొటో వచ్చింది.

గురువారం ఉదయం ఆరింటికి ఈరమ్మ వచ్చేసరికి రాజేందర్ అప్పటికే అక్కడ ఉన్నాడు. కంప్యూటరు స్విచ్చు మీద గోధుమ రంగు టేపు అడ్డంగా అతికించి ఉంది.

“ఇయ్యాల దాన్ని ఆపుడు లేదు, తుడుసుడు లేదు. నడుస్తున్నది. నడవనియ్యి.”

“నిన్న మూడు సార్లు ఆపి పెట్టినం సార్. రామాంజనేయులు సారును అడుగుండ్రి.”

“ఆయన పదకొండు సార్లు బాగైందన్నడు. నేను ఎవల మాటా వినను. నూట అరవై మంది అక్కా! నన్ను పరేషాన్ జెయ్యకు.”

అతని భయం అన్యాయమైనది కాదని ఆమెకు తెలుసు. ఆమె టేపును ముట్టుకోలేదు. తొమ్మిది గంటలకు ఫెసిలిటీ మేనేజర్ ఉమాశ్రీ లిఫ్టు దిగి వచ్చే దాకా, వచ్చిన విజిటర్లకు పాసులు ఇస్తూ కూర్చుంది. భవనం మొత్తానికి జవాబుదారీ ఉమాశ్రీ. మితంగా మాట్లాడే మనిషి. బయట మెట్ల మీద అప్పటికే కొత్త చొక్కాలు, కొత్త బ్యాగుల గుంపు చేరుతోంది.

“అంతా సిద్ధమేనా?” అంది ఉమాశ్రీ.

“సిద్ధం మేడం. మిషన్‌ను ఎవలూ ముట్టకుంట టేపేసినం,” అన్నాడు రాజేందర్.

ఈరమ్మ లేచి నిలబడింది. “మేడం, పిల్లలు లోపలికి రాకముందు ఒక్కసారి దీన్ని ఆపి పెడ్త. సెలవియ్యుండ్రి.”

రాజేందర్ బల్లకు అడ్డంగా వచ్చాడు. “అక్కా! పాగల్ అయినవా?”

“ఎందుకు ఆపాలి?” అని ఉమాశ్రీ అడిగింది. గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలనే పట్టుదల ఉంది.

“ఆపకుంట నడిపిస్తే, ఇది బాగైందో, నేను ముట్టలేదు గనక ఊకున్నదో ఎన్నటికీ తెలవది మేడం. పడేదే అయితే ఇప్పుడే పడాలె, ఇంకా ఇరవై నిమిషాలున్నయ్, చేత్తోని రాసుకుంటం. పడకపోతే మాత్రం ఇగ ఎవలు ఆపినా పడదు.”

ఉమాశ్రీ గడియారం చూసింది. “ఎంతసేపు?”

“నాలుగు నిమిషాలు.”

“కానివ్వండి.”

ఈరమ్మ ఎప్పటిలాగే మూలనున్న గుర్తు నొక్కి కంప్యూటరును ఆపింది. తెర నల్లబడింది. టేపు ఒక కొన పట్టి నెమ్మదిగా లాగి, చుట్ట చుట్టి చెత్తబుట్టలో వేసింది. గుడ్డ తడిపి, పిండి, ముందు తెర, తర్వాత మీటల పలక, తర్వాత బల్ల, మూలలతో సహా తుడిచింది. తొందరపడలేదు. గాజు తలుపు అవతల నిలబడిన పిల్లలు ఈ తుడిచే ఆమెను వింతగా చూస్తున్నారు. రాజేందర్ గోడకు ఆనుకుని, పెదవులు కదిలిస్తూ తన కులదైవాన్ని తలుచుకుంటున్నాడో, తనను తాను తిట్టుకుంటున్నాడో తెలియలేదు. తడి ఆరాక ఆమె స్విచ్చు నొక్కింది.

తెర వెలిగింది. చుక్క లేదు. కెమెరా మీద చిన్న దీపం పచ్చగా వచ్చింది.

“సార్, జర ముందుకు రాండ్రి. మీ ఫొటోనే బోణీ.”

“నాదెందుకక్కా?”

“మీ కన్న ఎక్కువ భయపడ్డోళ్లు ఇక్కడ ఇంకెవలూ లేరు. మీది వచ్చిందంటే అందరిదీ వస్తది.”

ఉమాశ్రీ నవ్వు ఆపుకోలేదు. రాజేందర్ వచ్చి నిలబడ్డాడు. చెమట పట్టిన నుదురు, పెద్దవైన కళ్లతో అతని ఫొటో పాసు మీద అచ్చయి, యంత్రం నోట్లోంచి మెల్లగా బయటికి వచ్చింది.

ఆ తర్వాత గాజు తలుపు తెరిచారు. ఈరమ్మ ఒక్కొక్కరిని పిలిచింది, కెమెరా వైపు చూడమంది, కళ్లద్దాలు తీయమంది, జుట్టు పక్కకు తోయమంది, పాసు ఇచ్చింది. ఇరవై మంది. యాభై. మధ్యలో రామాంజనేయులు దిగి వచ్చి, స్తంభం పక్కన నిలబడి చూడసాగాడు. ఎనభయ్యో ఫొటో తీస్తున్నప్పుడు బయట ఏదో ట్రక్కు హారను మోగి అందరూ ఉలిక్కిపడ్డారు, యంత్రం ఉలిక్కిపడలేదు. నూటపది. నూట నలభై. వచ్చినవాళ్లు మొత్తం నూట అరవై మూడు మంది. పదీ ఇరవై అయిదు నిమిషాలకు చివరి పాసు వెచ్చవెచ్చగా చేతికి వచ్చినప్పుడు, దాన్ని అందుకున్న పిల్లకు ఈరమ్మ ఎందుకు అంత వెడల్పుగా నవ్విందో అర్థం కాలేదు. అయినా తానూ నవ్వి లోపలికి వెళ్లింది.

తెర ఒక్కసారి కూడా నీలం కాలేదు.

రామాంజనేయులు అప్పుడు ఫోను తీశాడు. “ఇప్పుడు మూసెయ్యనాండి?”

“ఇప్పుడు మూయుండ్రి.”

“కారణం కనిపెట్టినవారు అని ఒక గడి ఉందండి. ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తాం. మీ పేరు రాస్తున్నాను.”

రాజేందర్ దగ్గరికి వచ్చాడు. అతని చేతిలో ఆ ఫొటో పాసు ఇంకా ఉంది. “అక్కా, ఆ జీడిమెట్ల గేటుకు ఒక మనిషిని పంపుతనని మా ఆఫీసుల చెప్పిన. ఇప్పుడు ఎవల్ని పంపాలె?”

“మీరే పోయిరాండ్రి సార్ నాలుగు దినాలు. గాలి మారుతది.”

“జీడిమెట్ల గాలా?” అని అతను ముఖం చిట్లించి, తర్వాత తానే పెద్దగా నవ్వేశాడు. నవ్వు ఆగాక గొంతు తగ్గించి అన్నాడు: “తప్పు నాదక్కా. చూడకుండ అన్న.”

ఉమాశ్రీ ఆ మాట విన్నట్టు కనిపించలేదు గాని విన్నది. ఇదే కెమెరా ఉన్న పార్కింగ్ వైపు డెస్కులోనూ ఆ రెండు నియమాలు పెట్టమని రామాంజనేయులుకు చెప్పింది. ఆ డెస్కుకు సోమవారం నుంచి ఉదయం మనిషి కావాలని, ఎవరిని తీసుకోవాలో ఈరమ్మనే అడగమని రాజేందర్‌కు చెప్పింది.

ఈరమ్మ తనిఖీ గది వైపు నడిచి పచ్చ తెర పక్కకు జరిపింది. లోపల గోపన్‌పల్లి సీతాబాయి, పదేళ్లుగా సంచులు తడుముతున్న మనిషి, చేతులు తుడుచుకుంటూ లేచింది.

“సోమవారం సంది నువ్వు పార్కింగ్ డెస్కుల. ఇయ్యాల నా పక్కన కూసొని నేర్చుకుందువు గాని, రా.”

సీతాబాయి బల్ల దాకా వచ్చి, తుడిచిన మెరుపు ఇంకా పోని తెరను చూసి ఆగిపోయింది. “నేను కూసున్నంక పడ్తే ఎట్లక్కా? నన్నే అంటరు.”

ఈరమ్మ ఇంకొక కుర్చీ లాగి తన కుర్చీ పక్కన వేసింది.

“పడ్తే, ఎందుకు పడ్డదో ఇద్దరం కలిసి చూద్దాం. ముందైతే కూసో.”

సీతాబాయి కూర్చుంది.